పోలక్క ముంతలు

ఎప్పటి మాటో నన్నడక్కండి. మా తాతకు వాళ్ళ తాత చెప్పేనాటికే అది పాత మాట. జొన్నగట్టు మీద కోట నిలబడి ఉన్న రోజులు. ఇప్పుడక్కడ ముళ్ళకంపా, కూలిన గోడా తప్ప ఏమీ లేవు గానీ, అప్పుడు మూడు వందల మంది బంట్లు ఆ కోటను కాసేవాళ్ళు. అక్కడే తినేవాళ్ళు, అక్కడే పడుకునేవాళ్ళు.

కోట వాకిలికి కుడిపక్క కమ్మరి కాటోజు కొలిమి. ఎడమపక్క కుమ్మరి పోలక్క సారె. రెంటికీ మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. ఆ ఇరవై అడుగులే కాటోజు ప్రాణానికి వచ్చిపడ్డాయి.

కాటోజు అల్లాటప్పా మనిషి కాడు. ఆ చుట్టుపక్కల అంతటి పనివాడు లేడు. మూడు వందల మంది బంట్లకు మూడు వందల కత్తులు కొట్టిచ్చాడు. ప్రతి కత్తి మీదా, పిడి కింద, "కాటోజు" అని చెక్కాడు. ఆయనకున్న ఆశ ఒక్కటే. తాను పోయినా తన పేరు పోకూడదు. పెళ్ళాం ఏనాడో పోయింది. సింగోజు అని ఒక్క కొడుకు. వాడు సుత్తి పట్టనని, ఈటె పట్టి బంట్లలో చేరాడు.

పోలక్క సంగతి చెప్పాలంటే చెప్పడానికేమీ లేదు. ముసలిది. మొగుడు లేడు, పిల్లల్లేరు. బంట్లు అంబలి తాగే ముంతలు చేసేది. వంకరా టింకరా ముంతలు. అయితే ఆమెకో పద్ధతి ఉండేది. కోటలో తలా ఒక కులం, తలా ఒక ఊరు. ఒకరి ఎంగిలి ముంత ఒకరు ముట్టరు. అందుకని కొత్త బంటు ఎవడొచ్చినా, పచ్చి ముంత బోర్లించి వాడి ముందు పెట్టేది.

"వేలు పెట్టు నాయనా" అనేది.

వాడు అడుగున బొటనవేలు నొక్కేవాడు. గుంట పడేది. ఆవంలో కాల్చేది. కడిగి బోర్లించిన మూడు వందల ముంతల్లో, వేలు పెట్టి చూసుకుని ఎవడి ముంత వాడు తీసుకునేవాడు. ఎవడైనా తికమకపడితే పోలక్కే వచ్చి, అడుగు తడిమి, "ఇది మూగన్నది, ఇది పెద్దయ్యది" అని పంచేది. ఒక్కసారి కూడా తప్పేది కాదు.

వేలు పెట్టడానికి వచ్చినవాడు ఊరికే పోతాడా? కూర్చుంటాడు. ఇంటి మాటలు చెప్తాడు. నవ్వుతాడు. ఒక్కొక్కడు ఏడుస్తాడు కూడా. కాటోజు దగ్గరికి వచ్చినవాడు మాత్రం కత్తి తీసుకుని, పదును చూసుకుని, మారు మాట లేకుండా పోయేవాడు.

కాటోజు తిత్తి ఊదుతూ ఇవన్నీ చూసేవాడు. ‘ప్రాణం కాపాడే కత్తి నాది. అంబలి తాగే ముంత దానిది. మరి వీళ్ళకు అదెట్లా ఎక్కువైంది?’ అనుకునేవాడు. కాటోజు కడుపు మండింది.

ఒకనాడు ఇంకా ఘోరం జరిగింది. సొంత కొడుకు సింగోజు ఆ సారె పక్కన గొంతు కూర్చుని, ఆమె చెప్పిందానికి పగలబడి నవ్వుతున్నాడు. తండ్రి దగ్గర వాడు అట్లా ఎన్నడూ నవ్వలేదు. నవ్వి, వేలు చాచి, పచ్చి ముంత మీద నొక్కాడు. ఆ నొక్కు తన గుండెకాయ మీదే పడ్డట్టయింది కాటోజుకు. ఆ పూట ఎర్రగా కాలిన ఇనుము మీద సుత్తి వెయ్యబోయి ఉత్త దాగలి మీద వేశాడు.

ఇక ఊరుకోలేదు. మూడు ఎత్తులు వేశాడు.

మొదటి ఎత్తు. ఇనుముతో ముంతలు చేశాడు. నున్నగా, అందంగా, ఒక్కోదాని మీదా తన పేరుతో. "పగలవు, చెదరవు. పట్టండి" అని ఊరికే పంచిపెట్టాడు. బంట్లు సంబరంగా తీసుకున్నారు. వేడి అంబలి పోసుకుని నోట పెట్టుకున్నారు. మూతులు చుర్రుమన్నాయి. నాలుగు వానలకు తుప్పు పట్టాయి. నెల తిరిగేసరికి ఒకడు దాంట్లో కోళ్ళకు గింజలేస్తున్నాడు, ఒకడు మేక మెడలో కట్టి గంటలాగా వాయిస్తున్నాడు. మేక అటూ ఇటూ పోతుంటే కాటోజు పేరు టంగుటంగుమంటోంది. కాటోజు కడుపు మరీ మండింది.

రెండో ఎత్తు. కిల్లాదారు దగ్గరికి పోయాడు. కోటకు పెద్ద ఆయనే.

"దొరా, ఆ కుమ్మరిది బంట్లందరి వేలిముద్రలూ పట్టి పెట్టుకుంటాంది. చేతబడి కాకపోతే ఇంకెందుకు?" అన్నాడు.

కిల్లాదారు కోపంగా కిందికి దిగొచ్చాడు. "ఏమ్మే, వేళ్ళు పట్టి ఏం మంత్రాలు చేస్తాండావు?"

"మంత్రమెక్కడిది సామీ, మన్నే" అంది పోలక్క. "ఎవని ముంత వానికి తెలియాల గదా. పాపం, యాడెక్కడి బిడ్డలో. ఈ కోటలో ఇది నాది అని చెప్పుకోను వానికి ఒక్కటన్నా ఉండాల గదా." అని ఒక పచ్చి ముంత బోర్లించింది. "నువ్వూ వేలు పెట్టు నాయనా."

కిల్లాదారు అటూ ఇటూ చూశాడు. మీసం దువ్వుకున్నాడు. వేలు పెట్టేశాడు. మరునాటినుంచి ఆయన అంబలీ ఆ ముంతలోనే. వెండి గిన్నె మూలకు పోయింది. కాటోజుకు మూడు రోజులు మెతుకు దిగలేదు.

మూడో ఎత్తుకు ఆకాశమే సాయం వచ్చింది. సూర్యగ్రహణం పట్టింది. గ్రహణం పట్టినప్పుడు వాడుకలో ఉన్న మట్టిపాత్ర మైలపడుతుంది, దాన్ని పారెయ్యాలి. ఇంట్లో కుండలైతే ఆడవాళ్ళు పారేస్తారు. కోటలో ఆ పట్టింపు ఎవడికుంది? కాటోజుకుంది! వాకిట నిలబడి గొంతు చించుకున్నాడు.

"మైల ముంతలో తాగి యుద్ధానికి పోతారా? కోటకే అరిష్టం!"

కిల్లాదారు భయపడ్డాడు. సరేనన్నాడు. కాటోజు తానే పూనుకుని మూడు వందల ముంతలూ గంపలకెత్తించాడు. కోట వెనక పాత సున్నపు గుంతలో పోయించాడు. మోసినవాళ్ళను పంపేసి, పైన మన్ను మాత్రం తన చేత్తోనే కప్పాడు. అంత సంతోషం ఆయనకు కత్తి కొట్టినప్పుడు కూడా కలగలేదు.

సింగోజు వచ్చాడు. "నాయనా, నా ముంత గూడా పారేసినావా?"

"మన్ను ముంత పోతే ఏమిరా? నా చేతి కత్తి లేదా నీకు?"

సింగోజు తండ్రి మొహంలోకి చూశాడు. పోయాడు.

పోలక్క ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. మళ్ళీ మన్ను తొక్కింది. మళ్ళీ సారె తిప్పింది. మూడు వందల పచ్చి ముంతలు బోర్లించి వేళ్ళ కోసం కూర్చుంది. సరిగ్గా ఆ పొద్దే కొమ్ము ఊదారు. శత్రువులు ఏటి దాకా వచ్చేశారని కబురు. బంట్లందరూ కత్తులు పట్టుకుని గట్టు దిగి పరుగెత్తారు. వేలు పెట్టే తీరిక ఎవడికుంది?

ఒక్కడూ తిరిగి రాలేదు. కిల్లాదారు రాలేదు. సింగోజు రాలేదు.

శత్రువులు పీనుగులన్నీ ఏటి ఒడ్డునే కాల్చేశారు. కోటకు నిప్పుపెట్టి, దోచుకోగలిగింది దోచుకుని వాళ్ళ దారిన పోయారు. వాకిట్లో ఇద్దరే మిగిలారు. కమ్మరీ, కుమ్మరీ.

పోలక్క ఆ పచ్చి ముంతల ముందునుంచి లేవలేదు. "వేలు పడని ముంత ఎట్ల కాల్చేది?" అంటూ కూర్చుంది. ఎండకు అవి నెర్రెలిచ్చాయి, పొడి అయ్యాయి. ఆ ఎండాకాలంలోనే ఆమె కూడా పోయింది. కాటోజే మోసుకుపోయి పూడ్చాడు. ఆ ఇరవై అడుగులకు అవతల ఎవరూ లేరు, ఓర్వలేక చచ్చేందుకు కూడా ఎవరూ లేరు. అయినా కడుపులో మంట ఆరలేదు. ‘నా కొడుకు చివరిగా అడిగింది దాని ముంతనే గదా’ అనుకున్నాడు.

వానలు పడ్డాక జనం వచ్చారు. దూరపు ఊళ్ళ నుంచి నడిచి వచ్చారు. తల్లులు, పెళ్ళాలు, అక్కచెల్లెళ్ళు. శవం లేదు, బూడిద లేదు. ఇంటికి తీసుకుపోయి దినం చేసుకోవడానికి వాడిదంటూ ఒక్క వస్తువు కావాలి.

కాటోజు ఏటి ఒడ్డున దొరికిన కత్తి ముక్కలన్నీ ఏరి తెచ్చి ముందు పోశాడు. వాళ్ళు ఒక్కొక్కటీ తీసి చూశారు. ఒక తల్లి ముక్క మీద అక్షరాలు తడిమింది.

"ఏమని రాసుండాది నాయనా?"

"కాటోజు అని."

"అదెవరు?"

"నేనే."

ఇంకోటి తీసింది. "దీని మీద?"

"కాటోజు."

మూడోది తీసింది. కాటోజు తల వంచుకున్నాడు.

"అన్నిటి మీదా నీ పేరే ఉంటే, మావానిది ఏదని తీసుకుపోవాల?" అంది ఆ తల్లి. ఆమె మాటలో కోపం లేదు. నిజంగానే అడిగింది.

ఆ ముంతలు ఎక్కడున్నాయో కాటోజుకొక్కడికే తెలుసు. చూపిస్తే ఇక ఈ గట్టు మీద పోలక్క పేరే నిలుస్తుంది. తన పేరు ఇనప ముక్కల్లో తుప్పుపట్టిపోతుంది. దాస్తే ఈ తల్లులు ఉత్త చేతుల్తో పోతారు. మొదటి రోజు చెప్పలేదు. రెండో రోజు చెప్పలేదు. మూడో రోజు పొద్దున వాళ్ళు మూటలు కట్టుకుని లేచారు. అప్పుడు ఆయన పార పుచ్చుకుని కోట వెనక్కి నడిచాడు.

"రండమ్మా" అన్నాడు.

తవ్వాడు. పైవి కొన్ని పగిలాయి. పార పక్కన పడేసి చేతుల్తో తోడాడు. ఒక్కో ముంతా తుడిచి, బోర్లించి, వరసగా పెట్టాడు. "వేలు పెట్టి చూసుకోండి" అన్నాడు.

వాళ్ళు చూశారు. కొడవలి గాటు పడిన వేలొకటి. నిండా పదిహేడేళ్ళు లేనివాడి సన్నటి వేలొకటి. అరిగిన గోరొకటి. "ఇదే, ఇదే మావాడు!" అని ఒకతె ముంతను రొమ్ముకు హత్తుకుంది. ఒకతె గుంటలో తన వేలు పెట్టి, తియ్యకుండా అట్లాగే కూర్చుండిపోయింది. ఏడుపులతో గట్టంతా దద్దరిల్లింది. కాటోజు ఇంకా తోడుతూనే ఉన్నాడు.

చివరికి వచ్చినవాళ్ళందరికీ దొరికాయి. ఎవరూ రాని ముంతలు మరో వంద మిగిలాయి. కత్తి ముక్క తడిమిన ఆ తల్లే అడిగింది.

"నీకెవరూ లేరా నాయనా ఇందులో?"

"నా కొడుకు."

"వానిదేది?"

కాటోజు ఒక ముంత తీశాడు. వేలు పెట్టాడు. పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. వెంట్రుకవాసి తేడాను కంటితో పట్టేవాడు, వందా చూశాడు. తేల్చుకోలేకపోయాడు. ఆ చేతిలో సుత్తి పెట్టాడే గానీ, ఆ చెయ్యి పట్టుకుని ఒక్కనాడూ చూసుకోలేదు. చూసుకుని ఉంటే కదా తెలిసేది!

వందోది ఒళ్ళో పెట్టుకుని, అన్నేళ్ళలో నోటితో పలకని పేరు పెట్టి, ఎలుగెత్తి పిలిచాడు.

"పోలక్కా! వీడెవరో నువ్వే చెప్పాల! పోలక్కా!"

ఎవరు పలుకుతారు? ఆ తల్లి వచ్చి పక్కన కూర్చుంది. ఆయన ఒళ్ళో ఉన్న ముంతనే తీసి నీళ్ళు పోసింది. "నీవాడైతే నీవాడు, కాకపోతే ఇంకొకరి బిడ్డ. దప్పికతో పోయినోడే గదా" అంది.

మిగిలిన వందా ఆయనే మళ్ళీ మన్నులో పెట్టాడంటారు. వానలకు గట్టు కరిగి అవి చేలల్లోకి జారాయి. ఇప్పటికీ జొన్నగట్టు కింద దున్నేటప్పుడు మడకకు తగులుతుంటాయి. ఇనప ముక్కలూ తగులుతాయి, వాటిని గట్టు మీదికి విసిరేస్తారు. ముంత తగిలితే మాత్రం ఎద్దుల్ని నిలిపేస్తారు. మన్ను తుడిచి, అడుగున గుంటలో బొటనవేలు పెట్టి, "పోలక్కా, వీడెవరో నువ్వే చెప్పాల" అంటారు. అని, తమ కోసం తెచ్చుకున్న నీళ్ళలోంచి ముందు దాన్ని నింపి చేని గట్టున గెనిమ మీద పెట్టి, ఆ తర్వాతే తాము తాగుతారు.