తపసి చెట్టుకు తెల్లటి ఒళ్లు ఎలా వచ్చింది

ఒకప్పుడు తపసి చెట్టు కూడా మిగతా చెట్లలాగే నల్లగా, గరుకుగా ఉండేది. మీరు నమ్మినా నమ్మకపోయినా సరే!

అది కొండ మీద, బండల మధ్య ఒంటరిగా ఉండేది. ఏడాదికి ఒక్కరోజే దానికి పండగ. వానలు వెలిశాక ఈదమ్మ అనే అవ్వ వచ్చేది. అడవిలో చెట్లన్నిటినీ కొలవడం ఆమె పని. రెండు చేతులూ చాచి చెట్టును వాటేసుకుని, లావెంతో చూసేది. కొలిచిన చెట్టునే మళ్లీ కొలవకుండా దాని ఒంటికి సున్నం బొట్టు పెట్టేది. ఆమె చెప్పిన లెక్కను బట్టే మబ్బు మరుసటేడు అడవికి సరిపడా వాన మోసుకొచ్చేది.

"వస్తోంది! ఈదమ్మ వస్తోంది!" ఆ ఏడు కూడా తపసి కొమ్మలన్నీ ఊపేసింది. ఈదమ్మ వచ్చి వాటేసుకుంది. అబ్బ, ఎంత హాయి! కానీ బొట్టు పెట్టేసి చక్కా పోయింది. తపసి ప్రాణం ఉసూరుమంది.

ఇంకొక్కసారి వాటేసుకుంటే ఎంత బాగుండు! వెంటనే దానికో ఆలోచన వచ్చింది. బొట్టున్న బెరడును గబగబా ఒలిచేసుకుంది. పాపం, ఈదమ్మ చూపు అంతంతమాత్రం. అడవిలో అటూ ఇటూ తిరిగొచ్చి, "అయ్యో, నిన్ను మరిచిపోయానా తల్లీ?" అంటూ మళ్లీ వాటేసుకుంది. తపసి మళ్లీ ఒలిచేసుకుంది. ఇక సాయంత్రందాకా అదే ఆట!

లెక్క విన్న మబ్బు నోరెళ్లబెట్టింది. "ఆ బండల మీద అన్ని చెట్లా? అయితే ఇప్పుడే సముద్రానికి పోయి కడుపు పగిలేలా నీళ్లు తాగొస్తా!" అని కదిలింది.

తపసి కొండ కిందికి చూసింది. అంత వాన పడితే లోయలోని పసి మొక్కలన్నీ కొట్టుకుపోవూ? నిజం చెబితేనేమో ఈదమ్మ ఇక తన మొహమే చూడదు. అయినా గొంతు చించుకుని అరిచింది.

"ఆగు మబ్బు మామా! ఆ చెట్లన్నీ నేనొక్కదాన్నే!"

మబ్బు ఆగిపోయింది. ఈదమ్మ మాత్రం రొప్పుతూ కొండెక్కి వచ్చింది. "ఓసి దొంగదానా! నాతోనే దొంగాటలా?" అంటూ సున్నం కుండ ఎత్తి దాని నెత్తిన గుమ్మరించింది. సున్నం ఒళ్లంతా కారి లోపలి పొరల్లోకీ ఇంకిపోయింది. తపసి బిక్కమొహం చూసి ఈదమ్మకు నవ్వు ఆగలేదు.

"పిచ్చిదానా! ఇంకోసారి వాటేసుకోమని అడిగితే నేను కాదంటానా?" అని గట్టిగా వాటేసుకుంది. ఈసారి కొలవడానికి కాదు, ఊరికే.

అప్పటినుంచే తపసి చెట్టు ఎంత దూరం నుంచి చూసినా తెల్లగా మెరుస్తుంది. ఈదమ్మ అంతగా చెప్పినా, నోరు తెరిచి అడగడానికి దానికి ఇప్పటికీ సిగ్గే. అందుకే ఏటా తన బెరడును కాగితంలా పొరలు పొరలుగా ఒలిచేసుకుంటూనే ఉంటుంది.