నగారా వినబడని చోటు

ఒకానొక రాజ్యంలో ప్రచండభూపాలుడనే రాజుండేవాడు. సభలోకి ముందు ఆయన మీసాలు వచ్చేవి, కాస్త ఆగి ఆయన వచ్చేవాడు. ఆయన కొలువులో పోలన అని ఓ హాస్యగాడు, ఎవరి మాటా కింద పడనివ్వనివాడు.

ఒకరోజు కొండ అవతలి నెమలిగుట్ట నుంచి సూరమ్మ అనే ఆవిడ నడిచొచ్చి సభలో చేతులు జోడించింది.

"మహాప్రభో, మా ఊళ్ళో ఇంటింటా జ్వరాలు. పిల్లలు కళ్ళు తెరవడం లేదు. రాజవైద్యులవారిని పంపించండి."

రాజు మూతి విరిచాడు. "నెమలిగుట్టా? అదెక్కడో మారుమూల కదా! శాస్త్రిగారూ, అసలు మారుమూల అంటే ఏమిటండీ?"

ఆస్థాన పండితుడు సోమయాజి శాస్త్రి లేచాడు. ఆయన గొంతు సవరించుకుంటేనే సగం సభ కునికేది.

"మారు అంటే మరొకటి ప్రభూ. మూల దాటాక ఇంకో మూల. మన కోట నగారా ఎక్కడ వినబడదో అక్కడ మారుమూల మొదలు!"

రోజూ తెల్లవారుతూనే బురుజు మీద మోగే ఆ నగారా అంటే రాజుకు ప్రాణం. దాని దెబ్బకు చెరువుల్లో చేపలు గట్టెక్కేవి, మబ్బులు దారి తప్పేవి.

"భేష్! ఇకనుంచి నగారా వినబడని చోట మా కొలువువాళ్ళెవరూ అడుగు పెట్టకూడదు. ఇదే శాసనం!"

సూరమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. పోలన అది చూశాడు. కానీ నిండుసభలో ఎదురు చెబితే రాజుకు పంతం పెరుగుతుందే తప్ప వైద్యుడు కదలడని అతనికి తెలుసు.

"రేపటిదాకా ఓపిక పట్టమ్మా," అని గొణిగి, తిన్నగా వంటశాల వైపు నడిచాడు.

మర్నాడు సూర్యుడు నడినెత్తికొచ్చాక రాజుగారు నిద్ర లేచారు. చప్పట్లు కొట్టారు. వేణ్ణీళ్ళు రాలేదు, పలహారం రాలేదు, ఈగ కూడా రాలేదు.

"ఎవర్రా అక్కడ!"

"నేనే ప్రభూ, పోలనను," గడప అవతలి నుంచి జవాబొచ్చింది. "లోపలికి మాత్రం రాలేను."

"ఏం, కాళ్ళు పడిపోయాయా?"

"శాసనం అడ్డొచ్చింది. తమరు ఈ ఉదయం నగారా విన్నారా?"

"మేం పడుకుని ఉంటాం కదయ్యా!"

"పోనీ, పట్టాభిషేకమైన దగ్గర్నుంచి ఒక్కనాడైనా?"

రాజు పైకప్పు వంక చూశాడు.

"అదే చిక్కు ప్రభూ. ఇంత మారుమూలకు మేం రామంటూ వంటవాడూ నీళ్ళవాడూ మొండికేశారు. పెసరట్లు మాత్రం వేశారు. నగారా వినబడే చోట పెట్టారు."

అల్లం వాసన గడప దాటి వచ్చింది. రాజుగారి కడుపు పులిలా గర్జించింది.

"శాసనం ఎత్తేస్తే?"

"పెసరట్టు ఇటు వస్తుంది, వైద్యుడు అటు వెళతాడు."

రాజు పకపకా నవ్వి, "ఎత్తేశాంలేవయ్యా!" అన్నాడు. తిన్నాక ఊరుకోలేక, వైద్యుడితో తనూ బండెక్కాడు, పోలనను పక్కన కూర్చోబెట్టుకుని.

నెమలిగుట్టలో వైద్యుడు ఇంటింటికీ తిరిగి కషాయాలు పోశాడు. మర్నాటికి పిల్లలు కళ్ళు తెరిచి గంజి అడిగారు. అరుగు మీది ముసలమ్మ ఒకావిడ రాజుకు మజ్జిగ అందించింది.

"ఏ ఊరు నాయనా మీది?"

"కోట, అవ్వా."

"అయ్యో నా తండ్రీ!" అవ్వ బుగ్గలు నొక్కుకుంది. "అంత మారుమూల నుంచొచ్చావా!"

రాజు నవ్విన నవ్వుకు చేతిలో మజ్జిగంతా ఒలికింది. ఆ నవ్వు ఆగకముందే చేతి కంకణం ఊడదీసి పోలన చేతికి తొడిగాడు.