మగ్గాలు ఆగిన పూట

“నిశ్శబ్దం అనే మాటకు ఇంకో అర్థం ఏముంటుంది గురువుగారూ? ఎవరికైనా అది మేలే కదా?” అని అడిగాడు పరాంకుశం. ఆ అడగడం కూడా అరిచి అడగాల్సి వచ్చింది. ఆశ్రమం గోడ అవతల నేతవీధి. తెల్లవారింది మొదలు మగ్గాల టకటకే. ఇది ఇలాగే సాగితే తనకు ధ్యానం కుదరదనీ, వేరే గురువును వెతుక్కుంటాననీ అతను అప్పటికే చెప్పేశాడు.

సాంబయ్యగారు ప్రశ్నకు వెంటనే జవాబిచ్చే మనిషి కారు. “వాళ్లనే అడుగు. ఒక్క పూట ఇమ్మను” అన్నారు.

నేతవాళ్లు మర్యాదస్తులు. “స్వామి అడిగితే కాదంటామా?” అని మర్నాడు పొద్దున్నే మగ్గాలు ఆపేసి ఇళ్లలో కూర్చున్నారు. పరాంకుశం సంబరంగా ఆశ్రమం అరుగు మీద పద్మాసనం వేసి కళ్లు మూసుకున్నాడు.

కాలవ అవతల పాలెంలో పేరమ్మ బియ్యం ఏరుతోంది. ఆమె కూతురు నూకాలును ఇచ్చింది ఈ నేతవీధిలోనే. ఇప్పుడు నిండు చూలాలు. రోజూ వెళ్లి చూసుకోలేదు గనక, ఆ తల్లి మగ్గాల చప్పుడు వింటూ పని చేసుకుంటుంది. పండగా అమావాస్యా కాని రోజున అక్కడ మగ్గాలన్నీ ఆగాయంటే ఎవరో పోయినట్టే. చేట అక్కడే పడేసి పరుగెత్తింది. ఆమె వెనక పాలెమంతా కదిలింది.

వంతెన దిగగానే ఎదురుగా అరుగు మీద, ఉలుకూ పలుకూ లేకుండా, పరాంకుశం.

“అయ్యో, చిన్నస్వామి! కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.”

“పుణ్యాత్ముడు. మెడ కూడా వాల్చలేదు చూడు.”

ఎవరో బంతిపూల దండ తెచ్చి మెడలో వేశారు. పుణ్యాత్ముడు గట్టిగా తుమ్మాడు. జనం కెవ్వుమన్నారు.

పేరమ్మ మాత్రం ఇవేవీ చూడలేదు. సరాసరి అల్లుడి ఇంట్లోకి దూరి కూతురి ముఖం, చేతులు, పొట్ట తడిమి చూసింది.

“నాకేమైందే అమ్మా? చద్దన్నం కూడా తిననివ్వవా?” అంది నూకాలు.

సంగతంతా విన్నాక పేరమ్మ బయటికొచ్చి పరాంకుశం మీద విరుచుకుపడింది. “నువ్వు కళ్లు మూసుకోడానికి మా గుండెలు ఆపుతావా, నాయనా?”

వీధి వీధంతా నవ్వింది. ఆ నవ్వులోనే మగ్గాలు మళ్లీ మొదలయ్యాయి.

పరాంకుశం దండ తీసేయడం కూడా మరిచిపోయి గురువు దగ్గరికి వెళ్లాడు. “నేను అడిగింది కాస్త శాంతే కదా గురువుగారూ! దానికి వాళ్లు ఏడుస్తూ రావడమేమిటి?” అని మగ్గాల మోతను మించి అరిచాడు.

సాంబయ్యగారు కిటికీలోంచి అరుగు చూపించారు. ఎండన పడి పరుగెత్తి వచ్చిన పేరమ్మ, నేతవీధి వైపు గోడకే చేరగిలబడి, ఆ టకటకల మధ్య నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

ఆయన శిష్యుడి చెవి దగ్గరకు వంగారు.

“మెల్లగా మాట్లాడు, నాయనా. ఆమెకు ఇప్పుడే నిశ్శబ్దం దొరికింది.”