ముంగిస మూసిన కిటికీ

అనగనగా ఒక అడవి. అందులో సిగ్నల్ బాగా అందే గుట్ట ఒకటి. గుట్ట కింద బొరియలో మాణిక్యం అనే ముంగిస, పైన చెట్టు తొర్రలో రంగనాయకి అనే ఉడుత ఉండేవి. ఇద్దరికీ చెరో కంప్యూటరూ, చెరో కూతురూ.

మాణిక్యం కంప్యూటర్ తెరిస్తే చాలు, ప్రకటనలు ఊపిరాడనిచ్చేవి కావు. తోక నిగనిగలాడించే నూనె అని ఒకటి, పాముకాటుకి తాయెత్తు అని ఇంకొకటి.

"ముంగిసకి తాయెత్తు అమ్ముతావా, నీ మొహం మండ!" అని తిట్టుకునేది.

ఒకరోజు ఉడుత ఇంటికి వెళ్ళింది. చూస్తే ఏముంది? ఉడుత తెర మీద ఒక్క ప్రకటన లేదు.

"ప్రకటనల్ని ఆపే ఎక్స్‌టెన్షన్ పెట్టాను వదినా. బ్రౌజర్‌కి కాపలా అనుకో. జల్లెడ, గొళ్ళెం, రాజకంచె అని మూడు రకాలున్నాయి. ఒక్కోటీ వారం వాడి చూస్తున్నా. ఏది మంచిదో తేలాక నీకూ రాస్తాలే," అంది ఉడుత.

అంతే! మాణిక్యం కడుపు భగ్గుమంది. 'పిడికెడు లేదు, ఇది నాకు చెప్పేదేమిటి?' అనుకుంది. ఆ పూట అన్నం సహించలేదు. చివరికి మూడింటినీ ఒకేసారి పెట్టేసింది.

"దానికి ఒకటైతే నాకు మూడు!" అని మీసం మెలేసింది. ఆడముంగిసకీ మీసాలుంటాయి, నవ్వకండి.

జల్లెడ బుద్ధిగానే పనిచేసింది. గొళ్ళెం మాత్రం తెర మీద ఏ చిన్న కిటికీ తెరుచుకోబోయినా ఠపీమని మూసేది. ఇక రాజకంచె "నువ్వు టైపు చేసేదంతా నేను చూడొచ్చా?" అని అడిగింది. మాణిక్యం చదవకుండానే సరే అని నొక్కింది. మర్నాటికల్లా అది మిగతా రెండింటి కళ్ళుగప్పి సొంత ప్రకటనలు చూపించసాగింది. కంచే చేను మేసిందన్నమాట. అయినా తీసెయ్యలేదు. ఉడుతకన్నా ఒక్కటి తగ్గినా ప్రాణం ఒప్పదు కదా!

ఇంతలో టింగుమని ఉడుత దగ్గర్నుంచి ఉత్తరం. "వదినా, మూడూ పోల్చి చూశాను" అని మొదలైంది.

"ఇదీ ప్రకటనే! తన గొప్ప తను చాటుకోవడం!" అని మాణిక్యం పళ్ళు నూరింది. దాన్ని చెత్తబుట్టలో పడేసి, ఇకమీద ఉడుత ఉత్తరాలన్నీ నేరుగా అందులోనే పడేలా పెట్టేసింది.

గుట్ట అవతల జింక పంతులమ్మ బడి ఉంది. అందులో చేరాలంటే ఆన్‌లైన్‌లోనే ఫారం నింపాలి. ఆఖరి రోజు, సాయంత్రం అయిదింటికి గడువు. మాణిక్యం కూతురు లచ్చి తోక దువ్వుకుని పక్కన కూర్చుంది.

మాణిక్యం నొక్కింది. ఫారం కిటికీ తెరుచుకోబోయి మూసుకుపోయింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. మూడోసారీ అంతే.

"అమ్మా, రంగనాయకత్తని అడుగుదామే," అంది లచ్చి.

"దాన్నా? నోర్ముయ్!"

అయిదుకి రెండు నిమిషాలుందనగా ఇక ఆగలేక చెట్టెక్కి ఉడుతకి సంగతి చెప్పింది.

"అయ్యో వదినా! ఆ ఫారం రాకుండా గొళ్ళెం అడ్డుపడుతుంది, పెట్టుంటే తీసెయ్యమని మూడుసార్లు రాశానే! నీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు," అంటూ ఉడుత గబగబా తన కంప్యూటర్ తెరిచింది. లచ్చి పేరు కొట్టేలోగా అయిదయింది. గడువు ముగిసిందని తెర మీద పడింది. ఇక వచ్చే ఏడే.

మర్నాడు ఉడుత కూతురు సంచీ తగిలించుకుని బడికి పోయింది. లచ్చి బొరియ అంచున నిలబడి చూసింది.

"అమ్మా, అత్త మూడుసార్లు చెప్పిందట కదా. నువ్వెందుకు వినలేదు?"

మాణిక్యం వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. గొళ్ళేన్నీ రాజకంచెనీ పీకేసింది. చెత్తబుట్ట తెరిచి ఉడుత ఉత్తరాలు మూడూ చదివింది. మూడోదాని చివర ఇలా ఉంది: "ఫారం నింపేటప్పుడు నన్ను పిలు వదినా. మన పిల్లలిద్దరూ ఒకే బెంచీ మీద కూర్చోవాలి."

మాణిక్యం లచ్చిని దగ్గరికి లాక్కుని భోరుమంది.

నీతి: అసూయతో తలుపేసుకుంటే బయట ఆగిపోయేది మన మేలు కోరేవాళ్ళే.