ఉప్పూరి రాజుగారి మాటల కత్తెర

ఆ పుస్తకం మూసెయ్యవే లిఖితా, చాలు. వాక్యాలు నాలుగు రకాలంటా, ఆ వాక్యాల్లో మళ్ళీ క్లాజులంటా, నిలబడే క్లాజొకటీ నిలబడని క్లాజొకటీనంటా! సాయంత్రం నుంచీ వింటున్నాను, నా చెవులు చిల్లులు పడ్డాయి. నాకు ఇంగ్లీషు రాకపోతేనేం, మాటలు రావా? ఇలా వచ్చి పక్కన పడుకో. ఒరేయ్ తేజూ, దుప్పటంతా నువ్వే చుట్టేసుకోకురా, అక్కక్కూడా వదులు. ఇద్దరూ ఊ కొట్టాలి. ఊ ఆగిందంటే కథా ఆగుతుంది, ముందే చెప్తున్నాను.

అనగనగా ఒక ఊళ్ళో, ఊళ్ళో అంటే మనలాంటి వరి పండే ఊరు కాదర్రా, సముద్రం ఒడ్డున ఉప్పు పండే ఊరు. అవున్రా, ఉప్పు కూడా పండుతుంది. మళ్ళు కట్టి, వాటిలోకి సముద్రం నీళ్ళు వదిలితే, ఎండకి నీళ్ళు ఆవిరైపోయి అడుగున తెల్లగా ఉప్పు మిగులుతుంది. దాన్ని లాగి, మోసి, గట్టు మీద కుప్పలు పోస్తారు. ఆ కుప్పల మీద తాటాకులు కప్పుతారు. ఎందుకూ? వానకి తడవకుండా. ఒక్క పెద్ద వాన పడిందంటే ఏడాది కష్టం మళ్ళీ సముద్రంలోకే పోతుంది. ఊ కొడుతున్నారా?

ఆ ఊరి రాజుకి తొందరెక్కువ. ఎంత తొందరంటే, ఆయన నోటికి ఒక్క రకం మాటే వచ్చేది. తే, పో, కట్టు, కొట్టు, అంతే. ఆయన రాణికి అడగడమే వచ్చు. ఎప్పుడొచ్చావు, ఎందుకొచ్చావు, ఏం తిన్నావు, ఎందుకు తినలేదు. మంత్రిగారేమో ఉన్నది ఉన్నట్టు చెప్తాడు. ఎండ కాస్తోంది, కాకి అరుస్తోంది, అంతకు మించి ఒక్క ముక్క ఉండదు. ఇక రాజుగారి బావమరిది ఒకడున్నాడు, తిని కూర్చునే రకం, వాడికి ఆశ్చర్యపోవడం తప్ప ఇంకే పనీ లేదు. ఈ నలుగురూ ఒక్క కొలువులో కూర్చుంటే ఎలా ఉండేదో చెప్పనా?

రాజు నీళ్ళు తెమ్మంటాడు. రాణి, ఎవరికి, అంటుంది. మంత్రి నీళ్ళు కుండలో ఉన్నాయంటాడు. బావమరిది అబ్బో ఎంత కుండో అంటాడు. నీళ్ళు మాత్రం కుండలోనే ఉంటాయి.

ఏంటీ, ఏమన్నావు లిఖితా? రాజుది కమాండా? రాణిది క్వశ్చనూ, మంత్రిది స్టేట్‌మెంటూ, బావమరిదిది ఎక్స్‌క్లమేషనూనా? పేర్లు బానే పెట్టారు. మరి మీ అమ్మది? హహ్హ, అదీ నేనే చెప్పాలా! లే, తిను, చదువు, పడుకో. నా కడుపున పుట్టిన రాజుగారే అది.

సరే, వినండి. ఈ రాజుకి పొడుగు మాటంటే ఒళ్ళు మంట. ఎవరైనా 'వానొస్తే' అని మొదలెట్టారనుకో, వచ్చాక చూద్దాం, తేల్చి చెప్పు అంటాడు. అందుకని కొలువు గుమ్మంలో ఒక మనిషిని పెట్టాడు. కత్తెర కామయ్య. చేతిలో ఇంత పెద్ద ఇత్తడి కత్తెర. లోపలికెళ్ళే ప్రతివాడూ ముందు ఈయనకి మాట అప్పజెప్పాలి. మాటలో ఏ ముక్కైతే తన కాళ్ళ మీద తను నిలబడదో, దాన్ని టక్కున కత్తిరించేస్తాడు. కత్తెర టక్కుమందంటే ఇక ఆ ముక్క లోపల పలకడానికి లేదు.

నిలబడకపోవడమేంటంటావా? ఇప్పుడు తేజుగాడు నా దగ్గరికొచ్చి 'అమ్మమ్మా, ఆకలేస్తే' అని ఊరుకున్నాడనుకో. ఆకలేస్తే ఏంట్రా, అని నేను నోరు తెరుచుకుని చూస్తాను. అది నిలబడలేదు. 'జంతికలు తీసుకుంటాను' అన్నాడనుకో, అది నిలబడింది. డబ్బా కూడా ఖాళీ అయింది. నిలబడేదే అసలు మాట, నిలబడనిది దండగ మాట, ఇదీ కామయ్య తెలివి. చంటిపిల్ల నిలబడలేదని పారేస్తామర్రా? చంకనేసుకుంటాం. ఆ చంకనేసుకున్న మాట పోతే అసలు మాట ఎటు పోతుందో దానికే తెలీదు. ఒకాయన పాపం, నేను అబద్ధమాడితే నా మీసం గొరిగించండి అన్నాట్ట. కామయ్య టక్కుమనిపించాడు. 'నా మీసం గొరిగించండి' అన్నది మాత్రం లోపలికెళ్ళింది. గొరిగించి పంపించారు. నవ్వుతారేంట్రా, ఆయనకి మీసం పోయి ఏడుపొస్తుంటే!

ఊ ఏదీ? ఆఁ, అలా కొట్టాలి.

ఆ ఊరి ఉప్పు కుప్పలకి రాజుగారి తరఫున కాపలా ఉండేవాడు సత్తియ్య. అతని తల్లి మంగాయమ్మ, పెళ్ళాం అచ్చియ్యమ్మ. అత్తాకోడళ్ళిద్దరూ గట్టివాళ్ళే. పొద్దున్న పోట్లాడుకుంటే మధ్యాహ్నం ఒకరి తల ఒకరు దువ్వుకునేవాళ్ళు. వేసవి చివర్లో సత్తియ్య రాజుగారికి కబురు పంపాడు. మబ్బు పట్టకపోతే ఆకులు తీసి ఉప్పు ఆరబెడతామని. మంచి మాటే, ఏటా చేసే పనే. కానీ గుమ్మంలో ఎవరున్నారు? కామయ్య. ఏం చేశాడు? టక్! 'మబ్బు పట్టకపోతే' కింద పడిపోయింది. 'ఆకులు తీసి ఉప్పు ఆరబెడతాం' లోపలికెళ్ళింది. రాజు ఊరుకుంటాడా? తియ్యండి, ఆరబెట్టండి, తియ్యనివాణ్ణి ఊళ్ళోంచి గెంటండి అని దండోరా వేయించేశాడు.

ఆ దండోరా మళ్ళ దగ్గరికి వచ్చేసరికి చూడాలి, తూర్పున సముద్రం మీద ఇంత నల్లటి మబ్బు. గాలి తిరిగింది. కాకులు నేల మీదికి దిగిపోయాయి. సత్తియ్య ఒకసారి ఆకాశం కేసీ ఒకసారి ఆకుల కేసీ చూశాడు. ఆకు తీస్తే ఊరందరి ఉప్పూ కరిగిపోతుంది, ఏడాదంతా పస్తులే. తియ్యకపోతే పెళ్ళాన్నీ ముసలి తల్లినీ తీసుకుని ఊరొదిలి పోవాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పటికే భటులు ఆకులు లాగడం మొదలెట్టారు. మబ్బు కనపడట్లేదా బాబూ అంటే, మబ్బు సంగతి మాకు చెప్పలేదు, ఆకుల సంగతే చెప్పారు అన్నారుట.

అప్పుడు మంగాయమ్మ ఏం చేసిందో తెలుసా? చీర బిగించి, అందరికంటే పెద్ద కుప్ప ఎక్కి, తాటాకుల మీద బాసింపట్టు వేసుకుని కూచుంది. ఆకులు తియ్యమన్నాడు గానీ ముసలమ్మని తియ్యమన్నాడా మీ రాజు, తీస్తే తియ్యండి చూద్దాం అంది. భటులు ఆకు వదిలేసి వెనక్కి జరిగారు. అది చూసి ఊళ్ళో ఆడవాళ్ళందరూ తలో కుప్పా ఎక్కేశారు. మంగాయమ్మ పైనుంచే కోడల్ని కేకేసి, నువ్వు కోటకి పరిగెత్తవే, నువ్వు తిరిగొచ్చేదాకా మేం దిగం అంది. అచ్చియ్యమ్మ గుప్పెడు ఉప్పు కొంగున ముడేసుకుని పరుగో పరుగు.

గుమ్మంలో కామయ్య కత్తెర అడ్డం పెట్టాడు. మబ్బు పట్టింది కాబట్టి, అంది. టక్. వాన పడకముందే, అంది. టక్. ఎందుకంటే బాబూ, అంది. టక్ టక్. ఆ పిల్లకి ఏడుపు ముంచుకొచ్చింది. నోటిదాకా వచ్చిన మాటని ఎవరో తెగ్గోస్తుంటే ఏడుపు రాదూ? కళ్ళు తుడుచుకుని, ఆఖరికి, ఉప్పు కరిగిపోతుంది అని ఊరుకుంది. ఇది నిలబడింది, వెళ్ళు అన్నాడు కామయ్య.

లోపలికెళ్ళి అదే చెప్పింది. ఇంకేముంది! రాజు కరగొద్దని ఉప్పుకి చెప్పండి అన్నాడు. రాణి, ఎందుకు కరుగుతుంది, అంది. మంత్రి, ఉప్పు తెల్లగా ఉంటుంది, అన్నాడు. బావమరిది అయ్యయ్యో ఎంత అన్యాయమో అన్నాడు. మబ్బు మాత్రం వచ్చేస్తూనే ఉంది.

అచ్చియ్యమ్మ దిక్కుతోచక నలుగురి మొహాలూ చూసింది. ముగ్గురూ తమ మాట అనేసి అటు తిరిగి కూచున్నారు. రాణి ఒక్కతే ఇంకా ఇటే చూస్తోంది. ఎందుకు అని అడిగిన మనిషి కదా, జవాబు కోసం చూస్తోంది. అప్పుడు ఆ పిల్లకి తట్టింది. ఎందుకు అని అడిగితే జవాబు ఎలా మొదలవ్వాలి? ఎందుకంటే అని మొదలవ్వాలి. దాన్నేమో కామయ్య గుమ్మంలోనే కత్తిరించేస్తున్నాడు. అంటే ఆ మహాతల్లి కాపురానికొచ్చిన నాటినుంచీ అడుగుతూనే ఉంది, ఒక్కదానిక్కూడా జవాబు రాలేదు. అందుకే అలా అడిగిందే అడుగుతోంది, అందరూ రాణీగారికి చాదస్తం అనుకుంటున్నారు. తల్చుకుంటే నాకే కడుపు తరుక్కుపోతుందర్రా.

మాట చెప్పడానికి లేదు గదా, చేసి చూపించడానికి ఎవరడ్డం? అచ్చియ్యమ్మ కొంగు ముడి విప్పి ఉప్పు రాణి అరచేతిలో పోసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి దాని మీద ధారగా వంపింది. ఉప్పు వేళ్ళ సందుల్లోంచి కారిపోయి చెయ్యి ఖాళీ అయింది. ఆ తడి చెయ్యి పట్టుకునే రాణిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తూర్పు మబ్బు చూపించింది. అంతే. రాణి చేతిని చూసుకుంది, మబ్బుని చూసింది, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. జన్మలో మొదటిసారి ఒక ఎందుకుకి జవాబొచ్చింది.

ఊ కొట్టండర్రా, ఇప్పుడే కొట్టాలి ఊ!

రాణి గిర్రున వెనక్కి తిరిగింది. వాన పడితే మన ఉప్పంతా ఇలాగే పోతుంది కాబట్టి, ఆ అమ్మాయి చెప్పేదంతా అయ్యేదాకా మీరు నోరు మెదపకుండా వినండి, అంది. ఎంత పొడుగు మాటో చూశారా! కామయ్య కత్తెర ఎత్తాడు గానీ, రాణీగారి మొహం చూసి చెయ్యి దించేసుకున్నాడు. రాజు అంత పొడుగు మాట ఎప్పుడైనా విన్నాడా? నోరెళ్ళబెట్టాడు. అచ్చియ్యమ్మ గబగబా మొత్తం చెప్పింది. మేం పంపిన కబురు ఇదీ, మీకు చేరింది ఇదీ, మబ్బు పట్టకపోతేనే తీస్తామన్నాం, ఇప్పుడు మబ్బు పట్టింది, మా అత్త కుప్పెక్కి కూచుంది అని. అంతా విన్నాక రాజు, ఇప్పుడు నేనేం చెయ్యాలి, అన్నాడు.

విన్నారా? రాజు అడిగాడర్రా! రాజు!

అచ్చియ్యమ్మ ఊరుకుందా? రండి, ఆకు పట్టండి, కప్పండి అంది. కోడలుపిల్ల చెప్పింది, రాజు చేశాడు. రాజు పరిగెత్తాడు, రాజు వెనక రాణి, రాణి వెనక మంత్రి, మంత్రి వెనక బావమరిది, బావమరిది వెనక కామయ్య, కామయ్య చేతిలో కత్తెర. భటులు లాగేసిన ఆకులన్నీ మళ్ళీ కప్పారు, తాళ్ళు కట్టారు, రాళ్ళు పెట్టారు. చివరి రాయి పెడుతుంటే వాన దిగింది, ఒక వానా అది! చివర ఒక చిన్న కుప్ప కాస్త కరిగింది, మిగతాదంతా దక్కింది. తడిసి ముద్దైపోయి గట్టు మీద నిలబడ్డారు అందరూ. ఎన్నడూ లేంది మంత్రిగారు ఆకాశం చూసి, ఆహా ఎంత చక్కటి వాన, అన్నాట్ట. బావమరిది చేతులు దులుపుకుని, ఉప్పు దక్కింది, అన్నాట్ట నెమ్మదిగా. వాడి జీవితంలో వాడు చెప్పిన మొదటి పనికొచ్చే మాట అది.

సత్తియ్యని ఎవరూ ఊళ్ళోంచి గెంటలేదు. రాజే మంగాయమ్మకి చెయ్యి ఇచ్చి కుప్ప మీంచి దింపాడు. ఆవిడ దిగుతూ, నా మోకాళ్ళు పట్టేశాయి నాయనా అని రాజుకి కూడా నాలుగు అక్షింతలు వేసిందిట. కామయ్య కత్తెరకి తాటాకుల ఈనెలు కత్తిరించే పని ఇచ్చారు. దానికదే తగింది.

లిఖితా, పరీక్షలో అడిగితే రాసెయ్యి. నిలబడే మాట ఒక్కటే వస్తే ఒంటి వాక్యం. నిలబడేవి రెండూ మధ్యలో 'గానీ' అనో 'మరి' అనో పెట్టుకుని చెయ్యీ చెయ్యీ పట్టుకుంటే జంట వాక్యం. నిలబడనిదాన్ని చంకనేసుకుని వస్తే పిల్లతల్లి వాక్యం. సింపులూ కాంపౌండూ ఇంకేదో అంటావేమో, అదే. అసలు సంగతి మాత్రం ఇది. ఎదుటి మనిషి ఎందుకంటే అని మొదలెడితే మధ్యలో తెగ్గోయకూడదు. పెద్దవాళ్ళైనా సరే, రాజైనా సరే.

ఆ పొద్దు ఇంటికెళ్ళి, తలలు తుడుచుకుని, వేడన్నం ముందు కూర్చున్నారు రాజూ రాణీ. రాణి మెల్లిగా, కాపురానికొచ్చాక నన్ను మా పుట్టింటికి ఒక్కసారీ ఎందుకు పంపలేదు మీరు, అని అడిగింది. రాజు ముద్ద కలిపేవాడల్లా ఆగిపోయాడు. తల దించుకుని, ఎందుకంటే, నువ్వు వెళ్తే ఈ ఇంట్లో నాకు ఏమీ తోచదు, అన్నాట్ట. రాణి నవ్వింది, ఏడ్చింది, ఆయన కంచంలో ఇంకాస్త నెయ్యి వేసింది. మర్నాడు ఇద్దరూ కలిసే ఆవిడ పుట్టింటికి బయల్దేరారు.

వాళ్ళు పుట్టింటికి, కథేమో కంచికి. మనం ఎక్కడికీ కదలక్కర్లేదు, ఇంట్లోనే ఉన్నాం. కళ్ళు మూసుకోండి బంగారూ.