దూరంగా ఆగిన బౌల్

"నన్ను వేరే జట్టులో వెయ్యండి మాస్టారూ. వీళ్ళతో నేను గెలవలేను."

గౌరీశ్వరి ఆ మాట అన్నప్పుడు దేవసహాయం మాస్టారు మైదానం అంచున మోకాళ్ళ మీద కూర్చుని కలుపు ఏరుతున్నారు. డెబ్భై దాటిన మనిషి. విశాఖలో, ఒక పాత క్లబ్బు వెనకున్న ఆ పచ్చికను పెంచిందీ ఆయనే, దాని మీద ముప్ఫై ఏళ్ళుగా లాన్ బౌల్స్ నేర్పుతున్నదీ ఆయనే.

చూడ్డానికి తేలికైన ఆట. ముందుగా ఒక చిన్న తెల్ల బంతిని దొర్లించి వదులుతారు. అది జాక్. తరవాత పెద్ద నల్ల బంతుల్ని ఒక్కొక్కటిగా దొర్లించి దాని దగ్గరకు చేర్చాలి. అవి బౌల్స్. బౌల్ తిన్నగా పోదు. వేగం తగ్గేకొద్దీ ఒక పక్కకు వంగిపోతుంది. ఆ వంపు తెలిసినవాళ్ళదే ఆట.

గౌరికి ఆ వంపు తొందరగా పట్టుబడింది. ఇరవయ్యారేళ్ళు. షాట్‌పుట్ వదిలేసి ఇటు వచ్చిన ఏడాదిలోపే పాతవాళ్ళని దాటేసింది. పన్నెండు రోజుల్లో వేరే ఊళ్ళో రాష్ట్ర జట్టుకి ఎంపిక ఉంది. అందరూ కలిసి ఆడే విభాగం అది. ముగ్గురిలో ఒకరు వికలాంగులు, ఒకరు అరవై దాటినవారు ఉండాలి.

గౌరి జట్టులో పడ్డవాళ్ళు నూకరాజు, సత్యవేణమ్మ. మరపడవ ప్రమాదంలో నూకరాజుకి రెండు కాళ్ళూ పోయాయి. గడ్డి నలగకుండా వెడల్పాటి చక్రాలు బిగించిన కుర్చీలో కూర్చుని ఆడతాడు. సత్యవేణమ్మ నర్సుగా చేసి రిటైరయింది. అందరూ సిస్టరమ్మ అంటారు. ఆవిడ కుడిచెయ్యి ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది.

మాస్టారు తల ఎత్తలేదు. "రేపు పొద్దున్నే రా. చూద్దాం," అన్నారు.

మర్నాడు తలా ఒక బౌల్ వెయ్యమన్నారు. నూకరాజుది జాక్‌కి రెండు అంగల దూరంలో ఆగింది. సిస్టరమ్మది చేతిలోంచి వదలడంతోనే పక్కకు పోయింది. గౌరిది మాత్రం పక్కగా వెళ్ళి, మెల్లగా లోపలికి వంగి, జాక్‌ని తాకీ తాకనట్టు తాకి ఆగింది. పక్క వరసలో ఆడుతున్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

మాస్టారు నింపాదిగా నడిచి వెళ్ళారు. వంగి గౌరి బౌల్‌ని తీసి తన గుడ్డసంచీలో వేసుకున్నారు.

చప్పట్లు ఆగిపోయాయి.

"మాస్టారూ! అది నా బౌల్!"

"తెలుసు."

నూకరాజు బౌల్ కూడా సంచీలోకి వెళ్ళింది. మాస్టారు జాక్ దగ్గర నుంచి సిస్టరమ్మ బౌల్ దాకా అంగలు వేస్తూ వెళ్ళారు. "అయిదు. ఇవాళ మీ జట్టు ఆట ఇదీ."

"దగ్గరున్నదాన్ని కదండీ కొలవాలి?"

"పోటీలో అంతే. ఇక్కడ దూరంగా ఉన్నదాన్నే కొలుస్తాను. అది ఒక అంగ లోపలికి వచ్చేదాకా ఇదే ఆట."

గౌరికి చెవులు మండాయి. ఇంత బాగా వేసిన బౌల్ అసలు లేనట్టే పోవడం ఆమె ఏ ఆటలోనూ చూడలేదు.

రెండో రోజూ అంతే. గౌరి బౌల్ జాక్ పక్కనే ఆగడం, మాస్టారు దాన్ని సంచీలో వేసుకోవడం. మూడో రోజు ఆమె సిస్టరమ్మ మీదే విసుక్కుంది.

"రోజూ అంత పక్కకి ఎందుకు పోతోంది సిస్టరమ్మా?"

సిస్టరమ్మ ఏమీ నొచ్చుకోలేదు. "చెయ్యి వణుకుతుండగా వదిలేస్తున్నానమ్మా. మధ్యలో ఒక్క క్షణం వణుకు ఆగుతుంది. ఆగిందని నాకు తెలిసేసరికి మళ్ళీ మొదలవుతుంది."

"ఎవరైనా చూసి చెప్పొచ్చు కదా?"

"ఎవరు చూస్తారు తల్లీ? నా చేతి వంక చూడ్డానికి అందరికీ మొహమాటమే."

గౌరి బిత్తరపోయింది. ఆర్నెల్లుగా పక్కపక్కన ఆడుతున్నారు. ఆ చెయ్యి వణికినప్పుడల్లా తనూ చూపు తిప్పుకునేది. అది మర్యాద అనుకుంది.

ఆమె వెళ్ళి సిస్టరమ్మకి ఎదురుగా, కొంచెం పక్కగా మోకాళ్ళ మీద కూర్చుంది. వేళ్ళ వంక చూసింది. వణుకుతున్నాయి, వణుకుతున్నాయి. ఒక్కసారిగా నెమ్మదించాయి.

"వదలండి!"

బౌల్ వెళ్ళింది. వంగింది. జాక్‌కి మూడు అంగల్లో ఆగింది. సిస్టరమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి నా సంగతేటి గౌరమ్మా?" అన్నాడు నూకరాజు వెనక నుంచి.

"నీకేమైందన్నా?"

"కుర్చీ తిన్నగా ఎడితే సక్రం నా సెయ్యికి అడ్డమొస్తాది. ఓరగా ఎట్టాల. తోసీ ముందు ఎవులైనా ఒక్క మాట అడిగితే కదా!"

రోజూ ఆ కుర్చీని, బౌల్ వేసే చోట పరిచిన చాప దగ్గరకు తోసి, సరిగ్గా జాక్‌కి ఎదురుగా నిలబెడుతున్నది గౌరే. సాయం చేస్తున్నానని. ఆమె వచ్చి కుర్చీ పిడి పట్టుకుంది. తరవాత, "ఎంత ఓరగా అన్నా?" అని అడిగింది.

ఆ రోజు నుంచి అంగలు తగ్గుతూ వచ్చాయి. మూడు, రెండున్నర, రెండు. ఒక రోజు మళ్ళీ నాలుగు. మాస్టారు మెచ్చుకోలేదు, మందలించనూ లేదు. దగ్గరున్నవి సంచీలో వేసుకోవడం, దూరంగా ఉన్నదాన్ని కొలవడం. అంతే.

పదో రోజు పొద్దున నూకరాజు బౌల్ జాక్‌కి మూరెడు దూరంలో ఆగింది. గౌరి "వదలండి" అన్న క్షణాన సిస్టరమ్మ వదిలిన బౌల్ వచ్చి దాని పక్కనే నిలిచింది. పక్క వరసవాళ్ళు ఆట ఆపి చూస్తున్నారు. ఇక గౌరి ఒక్కతే మిగిలింది. కళ్ళు మూసుకుని వేసినా వచ్చే దూరం అది.

ఆమె వంగింది. వదిలింది.

బౌల్ అదుపు తప్పి, వంగాల్సిన చోట వంగకుండా, మైదానం చివరి గాడిలో పడింది.

మాస్టారు నూకరాజు బౌల్ తీశారు. సిస్టరమ్మది తీశారు. రెండూ సంచీలో వేసుకుని గాడి వైపు అంగలు వేయడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు... గౌరి ఆ అంగల వంక నమ్మలేనట్టు చూస్తోంది.

"తడి మీద జారింది," అంది.

సిస్టరమ్మ దగ్గరకు వచ్చింది. గొంతు తగ్గించి అడిగింది. "భుజం ఎన్నాళ్ళ నుంచమ్మా?"

గౌరి గతుక్కుమంది. "ఏ భుజం?"

"కుడి భుజం. వంగబోయే ముందు ఊపిరి బిగబడుతున్నావు. నా ముందు నుంచి లేచేటప్పుడు ఎడంచేతి మీదే బరువు వేస్తున్నావు. అనుమానం ఉండేది. ఇవాళ అడక్కుండా ఉండలేకపోయాను."

ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి కూడా తెలియదు. షాట్‌పుట్ విసురుతుండగా భుజంలో ఏదో పట్టు తప్పింది. విసుగొచ్చి మానేశానని అందరికీ చెప్పింది. మాత్ర వేసుకోకుండా ఆమె మైదానంలోకి వచ్చిన రోజు లేదు.

"ఇంకా రెండు రోజులే సిస్టరమ్మా," అంది. "మీకు దణ్ణం పెడతాను. మాస్టారికి చెప్పకండి."

మాస్టారు వెనకే ఉన్నారు.

ఆయన జేబులోంచి ఫోన్ తీశారు. ఎంపిక చేసేవాళ్ళకి అక్కడే, ఆమె ఎదురుగానే ఫోన్ చేశారు. గౌరీశ్వరి పేరు తీసెయ్యమన్నారు. ఆమె బదులు, రిజర్వులో ఉన్న కాలేజీ అమ్మాయి పేరు చెప్పారు. రెండు ముక్కల్లో అయిపోయింది.

గౌరి గడ్డి మీద కూలబడింది.

"అదేటి మాస్టారూ!" నూకరాజు అరిచాడు. "ఆయమ్మి నేకపోతే మేమేటి ఆడతాం?"

మాస్టారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. సిస్టరమ్మ తన తువ్వాలు గౌరి మెడకి వేసి, చేతిని అందులో కట్టి, ఆమెని లేవదీసింది. కట్టేటప్పుడు ముడి దగ్గర ఆవిడ వేళ్ళు వణుకుతుంటే నూకరాజు కుర్చీ జరిపి వచ్చి కొసలు పట్టుకున్నాడు. "మధ్యాన్నం ఎముకల డాక్టరు దగ్గరకి నేను తీసుకెళ్తాను. కాదనకు," అంది సిస్టరమ్మ.

గౌరి మాస్టారి వైపు తిరిగింది. "ఇంక నేను రానక్కర్లేదు కదా మాస్టారూ."

మాస్టారు నేల మీది చాప ఎత్తి దులిపారు.

"సిస్టరమ్మ చెయ్యి ఎప్పుడు ఆగుతుందో ఆ కాలేజీ అమ్మాయికి తెలుసా?"

గౌరి ఆలోచించింది. "తెలీదండీ."

"నూకరాజు కుర్చీ ఎంత ఓరగా పెట్టాలో?"

ఆమె తలెత్తి చూసింది.

మాస్టారు చాపను చుట్టి చంకలో పెట్టుకున్నారు.

"ఎల్లుండి మన బస్సు పొద్దున ఆరింటికి," అన్నారు.