కందవ్వ ఒంటిమీది మట్టి

పిల్లలూ, నేను "అనగనగా" అనగానే "ఎప్పుడు తాతా?" అని అడ్డం పడతారు మీరు. అందుకని ఈసారి తేదీతోనే మొదలుపెడతాను. 1974 మే 23, గురువారం. రోహిణి కార్తెకు ఇంకా రెండు రోజులుంది. నల్లమల అడవిలో ఆ తెల్లవారుజామున ఒక్క ఆకు కదల్లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. పొద్దు బారెడెక్కేసరికి పడమటి నుంచి వడగాలి మొదలైంది. ఎంత వేడి అంటారా? అడవిలో థర్మామీటరు ఎవరు పెడతారు? బండ మీద ఒక తొండ నాలుగు కాళ్ళూ ఒకేసారి ఆనించలేక రెండేసి కాళ్ళు మార్చి మార్చి ఎత్తుతోంది. అంత వేడి.

ఆ అడవిలో ఒక అడవిపందుల మంద ఉండేది. మందకు పెద్ద కందవ్వ. ఆమెకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దది చామ, చిన్నది గెనుసు. చామకు ముగ్గురు పిల్లలు. గెనుసుకు ఒక్కతే, దాని పేరు అల్లం. మందలో అందరికంటే చిన్నది అదే. పందులు తమ పిల్లలకు దుంపల పేర్లే పెట్టుకుంటాయి. మనం బంగారమని, ముత్యమని పెట్టుకోమూ? ఇదీ అంతే.

ఏటా ఎండాకాలంలో ఈ మంద జాలుగుండానికి వెళ్ళేది. కొండ చీలికలోంచి నీళ్ళు సన్నగా కారి నిండిన మడుగు అది. చుట్టూ అడవి మామిళ్ళు. పండిన కాయ టపీమని నీళ్ళలో పడి, తేలుతూ వచ్చి మూతికి తగులుతుంది. మెడదాకా చల్లటి నీళ్ళలో పడుకుని మామిడిపండు తినడం కన్నా పెద్ద సుఖం పందికి లేదు. ఆ మాటకొస్తే మనిషికి మాత్రం ఏముంది?

గుండానికి దారి ఒక పగటి నడక. చీకటి ఉండగానే బయలుదేరాలి. ఎండ ముదిరే వేళకు ఎర్రమట్టి గుంట చేరాలి. అక్కడ చెట్ల నీడ ఉంది, చల్లటి బురద ఉంది. అది దాటితే పచ్చగడ్డి పరక కూడా లేని నల్లబండ. అందుకని పగలంతా గుంటలో పొర్లుతూ, పడుకుంటూ గడిపి, నీడలు పొడుగయ్యాక బండ దాటాలి. అదీ పద్ధతి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బురదలో పొర్లుతుందని పందిని మురికిది అంటాం. కాలేజీలో జంతుశాస్త్రం చదివేదాకా నేనూ అనేవాణ్ణి. మనకు పట్టినట్టు పందికి చెమట పట్టదు. మన ఒంటికి చెమట చేసే మేలు దాని ఒంటికి తడిమట్టి చేస్తుంది. మట్టి లేని పంది ఎండలో గొడుగు లేని మనిషి కన్నా అధ్వాన్నం. సరే, కథలోకి వద్దాం.

కందవ్వ మందలో ప్రయాణానికి ఒక కట్టుబాటు ఉండేది. "నడుద్దాం" అనే మాట ముందు నడిచేవాళ్ళది. "ఆగుదాం" అనే మాట అందరికంటే చిన్నదానిది. చిన్నది ఆగుదామంటే పెద్దలు ఆగాల్సిందే. ఎందుకని అడగకూడదు.

ఆ ఏడు కందవ్వ, "నాకు వయసైంది చామా. ఈసారి ముందు నువ్వు నడువు" అంది. చామ సంతోషంగా తల ఊపింది.

నడక బాగానే సాగింది. పిల్లలు దారి పొడుగునా చీమల పుట్టలు కెలికాయి, ఒకదాని తోక ఒకటి పట్టుకు లాగాయి. ఎండ ముదిరేసరికి ఎర్రమట్టి గుంట వచ్చింది. అందరూ నీడలో కూలబడ్డారు. ఇంకా ఎవరూ బురదలో దిగలేదు. అప్పుడు పైనుంచి ఒక కొండముచ్చు పలకరించింది.

"ఏం చామా, అప్పుడే పడకా? అవతలి గట్టు పందులు పొద్దున్నే గుండంలో దిగాయి. మీరు వెళ్ళేసరికి టెంకలు మిగుల్తాయిలే."

"నీకెవరు చెప్పారు?" అంది చామ.

"ఒకరు చెప్పేదేంటి, చూసొచ్చాను. నిరుడు మిమ్మల్ని చూసి వాళ్ళేమన్నారో గుర్తుందా? 'మట్టి బస్తాలు నడిచొస్తున్నాయర్రా' అన్నారు. నేనైతే నవ్వలేదమ్మా. కొంచెం నవ్వాను."

చామ వీపు మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"లేవండి. ఇప్పుడే బండ దాటేద్దాం. ఎవరూ మట్టిలో దిగొద్దు. ఈసారి శుభ్రంగా వెళ్దాం."

"ఈ ఎండలోనా అక్కా?" అంది గెనుసు.

"ఎంతసేపే? ఇక్కడ కళ్ళు మూస్తే గుండంలో తెరుస్తాం."

అల్లం డొక్కలు ఎగరేస్తూ, "పెద్దమ్మా, ఆగుదాం" అంది.

"గుండంలో ఆగుదువుగానిలే, నా తల్లివి కదూ!"

కందవ్వ నోరు తెరిచింది. కొండముచ్చు చూస్తుండగా కూతురి మాట కొట్టేయడం ఎందుకని మళ్ళీ మూసుకుంది. ఎన్నో ఏళ్ళు మందను నడిపిన కందవ్వ ఆ ఒక్క క్షణం తప్పు చేసింది. కానీ తాను మాత్రం బురదలో దిగి మూడుసార్లు పొర్లింది.

"అమ్మా, మళ్ళీ బస్తా అంటారే!" అంది చామ.

"అననీ. నా వయసుకి ఆ పేరు బాగానే ఉంటుంది" అంది కందవ్వ.

బండ మొదట్లోనే అల్లం రెండోసారి ఆగింది. "పెద్దమ్మా, కాళ్ళు కాలుతున్నాయి. ఆగుదాం."

"అదిగో చూడు, మామిడి కొమ్మలు కనపడుతున్నాయి. ఇంకెంత?" అంది చామ, వెనక్కి తిరక్కుండానే.

బండ మధ్యకు వచ్చాక మూడోసారి అల్లం ఏమీ అనలేదు. అడగడానికి దానికి మాట రాలేదు. ముందుకాళ్ళు మడతపడి పక్కకు ఒరిగిపోయింది. మూతి చుట్టూ నురగ.

గెనుసు పెట్టిన కేకకు చామ ఆగిపోయింది. "ఇప్పుడేగా మాట్లాడింది..." అంటూ నిలుచుండిపోయింది.

కందవ్వ ముందుకు వచ్చింది. పిల్ల మీదికి వంగి, తన డొక్కలు దాని ఒంటికేసి రుద్దింది. పై పెచ్చు ఎండినా లోపల మట్టి ఇంకా తడిగానే ఉంది. ఆ తడంతా పిల్ల ఒంటికి పట్టించింది. తర్వాత నాలుగు కాళ్ళ మధ్య దాన్ని పెట్టుకుని నిలబడింది. ఆ బండ మొత్తానికి ఉన్న నీడ ఆమె పొట్ట కిందదే.

"చామా, నీ పిల్లల్ని తీసుకుని వెనక్కి పరిగెత్తు. వాళ్ళను గుంటలో దించి, నువ్వు ఒంటినిండా మట్టి పట్టించుకుని రా. గెనుసూ, నువ్వు కూడా."

"ముందుకు పోతే నీళ్ళే ఉన్నాయి కదమ్మా" అంది చామ.

"పిల్లను ఎత్తుకుపోవడానికి మనకేం చేతులున్నాయా? మట్టే ఇక్కడికి రావాలి. పరిగెత్తు."

"నేను దీన్ని వదిలి కదలను" అని ఏడ్చింది గెనుసు.

"నీ కన్నీళ్ళ తడి దానికి చాలదమ్మా. వెళ్ళు."

ఇద్దరూ పరిగెత్తారు. దారిలోనే సగం మట్టి ఎండి రాలిపోయేది. మిగిలిన సగం పిల్లకు రుద్ది మళ్ళీ పరిగెత్తేవారు. చామ అలా ఐదుసార్లు తిరిగింది. ఆమె గిట్టల మధ్య తోలు బొబ్బలెక్కింది. ఒకసారి తెచ్చిన మట్టి తల్లి వీపుకు రుద్దబోతే కందవ్వ పక్కకు జరిగింది.

"ముందు పిల్లకు. నాకు తర్వాత."

ఆ తర్వాత అన్నది రాలేదు. ప్రతిసారీ పిల్లకే సరిపోయింది. సూర్యుడు జరిగినప్పుడల్లా నీడ పిల్ల మీదినుంచి తప్పకుండా కందవ్వ కొంచెం కొంచెం తిరుగుతూ నిలబడింది. ఎండంతా ఆమె వీపు మీదే.

పొద్దు వాలింది. అల్లం చెవి కదిలింది. తర్వాత కళ్ళు తెరిచింది.

"అవ్వా, ఆగామా?"

"ఆగాం తల్లీ."

సాయంత్రం మెల్లగా నడిచి, పిల్లలందరితో జాలుగుండం చేరారు. అవతలి గట్టు పందులు చెవులదాకా మట్టి పూసుకుని ఒడ్డున పడుకుని ఉన్నాయి. వాటిలో ఒక ముసలి పంది వీళ్ళను చూసి లేచి నిలబడింది.

"ఎండలో బండ దాటారా? మీకేమైనా పిచ్చా! చోటివ్వండర్రా, ముందు ఆ ముసలమ్మను దిగనివ్వండి."

ఎవరూ నవ్వలేదు. మామిడిపళ్ళు టెంకలు కావు, పళ్ళే, కావలసినన్ని ఉన్నాయి.

నాలుగు రోజులు పిల్లలు నీళ్ళలో పళ్ళను తరిమాయి. అల్లం ఈత నేర్చుకుంది, అంటే మునక్కుండా అరవడం నేర్చుకుంది. కందవ్వ మాత్రం మెడదాకా నీళ్ళలో పడుకుని వాళ్ళను చూస్తూ ఉండేది. ఆమె వీపు మీద తోలు ఊడిపోయింది. చామ ఏరి తెచ్చిన పళ్ళను వాసన చూసి వదిలేసేది.

ఐదో రోజు ఉదయం అందర్నీ దగ్గరికి పిలిచింది.

"అమ్మా, నేను..." అంది చామ.

"ఐదుసార్లు పరిగెత్తావు. చూశాను, మరిచిపోను. మొదటిసారి పిల్ల అడిగినప్పుడు వినలేదు. అదీ మరిచిపోలేను. నేనైనా నోరు విప్పలేదు. నా తప్పుకు నేను శిక్ష అనుభవించాను. నీ తప్పు నువ్వు మోయాలి, చామా."

చామ తల వంచుకుంది. ఆ తర్వాత కందవ్వ తనకున్నది పంచింది. పొద్దు నడినెత్తికి రాకముందే కన్ను మూసింది.

మందకు ముందు నడిచే హక్కు గెనుసుకు వచ్చింది. కొండవాలులో కందవ్వ ఒక్కదానికే తెలిసిన దుంపల చోటు నలుగురు పిల్లలకూ సమానంగా వచ్చింది. వెదురుపొద కింద ఆమె పడుకునే మెత్తటి ఆకుల పడక అల్లానికి వచ్చింది. చామకు ఏమీ రాలేదు. ఆమె అడగనూ లేదు.

నీతి: వేసవి ప్రయాణంలో అందరికంటే చిన్నవాళ్ళు "ఆగుదాం" అన్నప్పుడే అందరూ నీడన ఆగాలి, ఎవరో నవ్వుతారని, ఎవరో ముందు చేరతారని ఆగకుండా నడిచి పోగొట్టుకున్నది తర్వాత ఎంత పరిగెత్తినా తిరిగి రాదు.